మిలిటరీవాళ్లు ఫ్రీమేసన్ లాడ్జిలో చేరాలంటే: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి

ఫ్రీమేసనరీ (మేసనరీ) అంటే దీక్షలు, ఆచారాలతో నడిచే ఒక సోదర సంఘం; దాని స్థానిక శాఖను లాడ్జి అంటారు, సభ్యుణ్ని మేసన్ అంటారు. సర్వీసులో ఉన్నవారు ముందు పై అధికారుల అనుమతి సంగతి తేల్చుకోవాలి, దరఖాస్తు ఆ తర్వాతే. డిశ్చార్జి అయి ఇంటికొచ్చినవారికి ఆ అడ్డు లేదు కానీ దూరం అడ్డొస్తుంది. ఇద్దరికీ ఉన్న చిక్కు ఒకటే: లాడ్జి ఒక ఊరిని పట్టుకుని ఉంటుంది, ఫౌజీ బతుకు అలా ఉండదు. చేరడం కంటే చేరాక నిలుపుకోవడమే కష్టం. అందుకే ఇందులో దరఖాస్తు గురించి ఎంత ఉందో పోస్టింగ్, హాజరు, బకాయిల గురించీ అంత ఉంది.

మొదట్లో లాడ్జే సైన్యం వెంట నడిచేది. 1732లో ఐర్లండ్ గ్రాండ్ లాడ్జి (అక్కడి లాడ్జిలకు పై సంస్థ) బ్రిటిష్ సైన్యంలోని ఒకటో ఫుట్ (కాలిబలం) రెజిమెంటుకు 11వ నంబరు లాడ్జిగా వారంట్, అంటే లాడ్జి నడుపుకునే అనుమతి పత్రం, ఇచ్చింది. అది ఏ ఊరికీ కట్టుబడని వారంట్. రెజిమెంటు ఎక్కడ దిగితే లాడ్జి అక్కడే. ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. మన దక్షిణాదికి మేసనరీ వచ్చిందీ ఈస్టిండియా కంపెనీ కోటలూ దండుల వెంటే. చిత్తూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉన్న 18వ శతాబ్దంలోనే అప్పటి నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమ్రా తిరుచిరాపల్లిలో మేసన్‌గా దీక్ష తీసుకున్నాడు. ఇప్పుడు మీరు చేరబోయేది మాత్రం ఒకచోట కుదురుగా ఉండే లాడ్జి. బదిలీ అయితే అది మీతో రాదు.

సైనికులకే ప్రత్యేకమైన లాడ్జి దొరికితేనే చేరతామని ఆగిపోవద్దు. ఇంగ్లండులో సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వారి లాడ్జిలు ‘సర్క్యూట్ ఆఫ్ సర్వీస్ లాడ్జెస్’ పేరుతో ఒకదానికొకటి ఆతిథ్యమిచ్చుకుంటాయి. అమెరికాలో ‘నేషనల్ సోజర్నర్స్’ ఉంది కానీ అది లాడ్జి కాదు, అప్పటికే మూడు దీక్షలూ పూర్తయి మాస్టర్ మేసన్లయిన సైనికుల సంఘం. ఈ రెండింటి గురించి చదివి, ఇక్కడా అచ్చం అలాంటిదే ఉండాలని వెతుకుతూ ఏళ్లు పోగొట్టుకోకండి. మామూలు లాడ్జిలో వకీలు, డాక్టరు, వ్యాపారి పక్కన కూర్చోవడం రిటైరైన మిలిటరీ మనిషికి మేలే చేస్తుంది. ఊళ్లో కొత్తగా మనుషులు పరిచయమయ్యే చోటు అది.

సర్వీసులో ఉంటే: ముందు కాగితం

ఆర్మీ రూల్స్, 1954లోని 19వ నియమం చదవండి. సైన్యంలో భాగంగా గుర్తింపు లేని ఏ సంఘంలోనైనా చురుగ్గా పాల్గొనాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి; ఆ సంఘం వినోదానికో మతానికో సంబంధించినదైతే పై అధికారి ముందస్తు అనుమతి సరిపోతుంది. నౌకాదళానికీ, వైమానిక దళానికీ వాటి వాటి ఆంక్షలున్నాయి. సీఆర్‌పీఎఫ్ లాంటి దళాలవారు 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం చూసుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఒక్క మాట దగ్గర. ‘ఇది క్లబ్బు లాంటిదే కదా’ అని తమకు తామే తీర్మానించుకుని చేరిపోతారు. మేసనరీ మతం కాదు, వినోద సంఘమని చెప్పడమూ తేలిక కాదు. అది ఏ కోవలోకి వస్తుందో తేల్చాల్సింది మీరు కాదు, మీ పైవాళ్లు. కాబట్టి సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. అందులో లాడ్జి పేరు, నంబరు, అది ఏ గ్రాండ్ లాడ్జి కింద ఉంది, ఎక్కడ, నెలకు ఎన్నిసార్లు కలుస్తారు, చందా ఎంత అన్నవన్నీ ఉండాలి. లాడ్జిలో రాజకీయాలు, మత చర్చ నిషేధమన్న సంగతి కూడా రాయండి. అర్జీ చదివేవారికి మొదట వచ్చే సందేహం అదే. నోటిమాటగా ‘సరే’ అంటే లెక్కలోకి రాదు. జవాబు కాగితం మీద రావాలి, నకలు మీ దగ్గర ఉండాలి. కొత్త యూనిట్‌కు వెళ్లాక పాత అనుమతి చెల్లుతుందా అని మళ్లీ అడగండి. అనుమతి రాకపోతే రిటైరయ్యే దాకా ఆగండి. చట్టానికి లోబడి నడవాలన్నది మేసనరీ కూడా మొదటి రోజే చెప్పే మాట.

ఇంకో జాగ్రత్త. మన దేశంలో ఎక్కువ లాడ్జిలు 1961 నవంబరు 24న ఏర్పడిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా కింద ఉన్నాయి. అప్పుడు అందులో కలవకుండా ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ గ్రాండ్ లాడ్జిల కిందే ఉండిపోయినవీ కొన్ని ఉన్నాయి. అవీ సక్రమమైనవే. కానీ సర్వీసులో ఉన్న మనిషి విదేశీ సంస్థ పేరుతో అర్జీ పెడితే అదనపు ప్రశ్నలు తప్పవు. భారత గ్రాండ్ లాడ్జి కింద ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది.

రిటైరై బ్యాంకులోనో, టీటీడీ భద్రతా విభాగంలోనో మళ్లీ ఉద్యోగంలో చేరినవారికి ఆర్మీ రూల్స్ వర్తించవు, కొత్త సంస్థ ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. అవి ఒకసారి చూసుకోండి.

లాడ్జిని వెతకడం, ఎంచుకోవడం

ఆంధ్రప్రదేశ్ దక్షిణ భారత రీజనల్ గ్రాండ్ లాడ్జి కిందికి వస్తుంది. దాని కార్యాలయం చెన్నై ఎగ్మూరులోని ఫ్రీమేసన్స్ హాల్‌లో ఉంది. మీ ఊరు, వయసు, సర్వీసు వివరాలు రాసి దగ్గరలో ఏ లాడ్జి ఉందో వాళ్లనే అడగండి. ఇంటర్నెట్‌లో ‘తిరుపతి లాడ్జి’ అని కొడితే యాత్రికుల గదులే వస్తాయి.

వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఎవరైనా తామే పిలిచి, సభ్యత్వమిస్తాం, డబ్బు పంపండి అంటే అది మోసమే. ‘ఇల్యూమినాటి’ అనే రహస్య సంఘం పేరు, సంపద ఆశ, ముందస్తు రుసుము కనిపిస్తే అక్కడే ఆపేయండి. అసలు లాడ్జి మీ ముఖం చూడకుండా, ఇద్దరు సభ్యులు పూచీ పడకుండా పైసా తీసుకోదు. చేతికి పింఛను డబ్బు వచ్చిన కొత్తలోనే ఇలాంటివాళ్లు తగులుకుంటారు.

రెండు మూడు లాడ్జిలు అందుబాటులో ఉంటే పేరుప్రతిష్ఠలు చూడకండి, ఇంటికి తిరిగొచ్చే దారి చూడండి. సమావేశం సాయంత్రం మొదలైతే, తర్వాత విందు కూడా ఉంటుంది కాబట్టి ముగిసేసరికి బాగా రాత్రవుతుంది. తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. నెలనెలా అర్ధరాత్రి బస్సులో తిరిగిరావడం మొదటి ఏడాది ఉత్సాహంతో గడుస్తుంది, రెండో ఏడాది మానేస్తారు. చిత్తూరువారికి తిరుపతి కంటే వేలూరు దగ్గర, అటువైపు కూడా విచారించండి. సమావేశం తేదీ ‘రెండో శనివారం’ లాగా ముందే ఖరారై ఉంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు, పెరటాసి శనివారాల్లో తిరుపతి రోడ్లూ బస్సులూ ఎలా ఉంటాయో మనకు తెలిసిందే, ఆ నెలకు ప్రయాణం ముందే చూసుకోండి.

దరఖాస్తు నుంచి దీక్ష దాకా

అర్హతలు కొన్నే: మగవారై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, దేవుడున్నాడని నమ్మాలి, మంచి నడవడి ఉండాలి. ఏ దేవుడని ఎవరూ అడగరు. మన దేశపు లాడ్జిల్లో భగవద్గీత, ఖురాన్, బైబిల్ లాంటి గ్రంథాలను పక్కపక్కనే ఉంచుతారు, ఎవరి ప్రమాణం వారి గ్రంథం మీదే.

ఆ లాడ్జి సభ్యుల్లో ఒకరు మిమ్మల్ని ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. ఎవరూ తెలియకపోతే కార్యదర్శే కొందరిని పరిచయం చేస్తారు. కొన్ని నెలలు మాట్లాడుకున్నాకే సంతకం పెడతారు. తొందరపెట్టకండి. తర్వాత కమిటీ ముఖాముఖి. ఎందుకు చేరాలనుకుంటున్నారన్నది అసలు ప్రశ్న. పరిచయాలతో కాంట్రాక్టులు వస్తాయనో, పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయనో మనసులో ఉంటే అది వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఇదివరకు వేరే లాడ్జిలో దరఖాస్తు పెట్టి తిరస్కారం పొందినా, ఏదైనా కేసు ఉన్నా దాచకండి. ఆ విషయం కంటే దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

ఇంటావిడకు ముందే చెప్పండి. ఇదేదో క్షుద్రపూజల సంఘమన్న పుకారు మన ఊళ్లలో కొత్త కాదు. ప్రతిపాదించిన ఆయనను ఇంటికి పిలిచి, ఆమె అడిగినవాటికి జవాబు చెప్పించండి. ఇంట్లో ఇష్టం లేకుండా చేరితే హాజరు ఎలాగూ నిలవదు.

ఖర్చుల పట్టిక రాతపూర్వకంగా అడగండి. ప్రవేశ రుసుము, ఏటా చందా, విందు వాటా, దానధర్మాల పెట్టె, ముదురు రంగు సూటు, తెల్ల చేతితొడుగులు అన్నీ కలిపితేనే అసలు లెక్క. కుటుంబానికి లోటు రాకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వాలన్నది మేసన్ల సూత్రం, కాబట్టి పింఛను మీద బతికేవారు ఈ లెక్క అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఆ తర్వాత లాడ్జిలో రహస్య ఓటింగు. తెల్ల గోళీ ఒప్పుకోలు, నల్ల గోళీ తిరస్కారం. ఒకరిద్దరు కాదన్నా పేరు పడిపోయేంత కట్టుదిట్టం. మొదట ఎంటర్డ్ అప్రెంటిస్, తర్వాత ఫెలో క్రాఫ్ట్, ఆపైన మాస్టర్ మేసన్, ఇవీ మూడు డిగ్రీలు. మధ్యలో కొన్ని వారాల ఎడం ఉంటుంది, కొన్ని ప్రశ్నలకు జవాబులు కంఠతా అప్పజెప్పాలి. చాలా లాడ్జిల్లో ఇదంతా ఇంగ్లీషులో సాగుతుంది. ఇంగ్లీషు అంతగా రానివారు ముందే చెబితే ఒక సీనియర్ సభ్యుడు పక్కన కూర్చుని నేర్పుతారు. డ్రిల్లు నేర్చుకున్నవారికి అడుగులూ మలుపులూ కష్టం కాదు, మాటలకే సాధన కావాలి.

మోకాళ్ల నొప్పులో, గాయమో, కృత్రిమ కాలో ఉంటే దీక్షకు ముందే కార్యదర్శికి చెప్పండి. మోకరిల్లే ఘట్టాలున్నాయి, తగిన మార్పు చేస్తారు. ఉంగరం, గొలుసు, గడియారం ఆ రోజు ఇంట్లోనే వదిలి వెళ్లండి. విందులో మందు ముట్టనివారు నీళ్లతోనే గ్లాసు ఎత్తవచ్చు.

లోపల ర్యాంకు పనిచేయదు. సుబేదారు మాస్టరు (లాడ్జి అధ్యక్షుడు) కుర్చీలో ఉంటే కల్నల్ ఆయన మాటకు లేచి నిలబడాలి, ఇద్దరూ ఒకరికొకరు బ్రదరే. ఇది ఇబ్బంది అనిపించేవారు చేరకపోవడమే మంచిది. సర్వీసులో ఉన్నవారు యూనిఫాంతో లాడ్జి ఫొటోలు దిగి ఇంటర్నెట్‌లో పెట్టకండి.

పోస్టింగ్ వస్తే

సభ్యత్వాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. మనిషి జమ్మూలో ఉంటాడు, చందా నోటీసు చిత్తూరు చిరునామాకు వస్తుంది, బకాయి పేరుకుపోయి ఒకనాడు పేరు తీసేస్తారు. బదిలీ ఆర్డరు అందిన వారమే కార్యదర్శికి కొత్త చిరునామా రాయండి, ఏడాది చందా ముందే కట్టండి. రెండు ఊళ్లలో చందా భారమైతే బకాయి లేకుండా రాజీనామా చేసి క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. అది చేతిలో ఉంటే మళ్లీ ఏ లాడ్జిలోనైనా చేరే సభ్యుడిగా దరఖాస్తు పెట్టవచ్చు. అక్కడ మళ్లీ ఓటింగు ఉంటుంది కానీ దీక్షలు మళ్లీ తీసుకోనక్కరలేదు. బకాయితో పోయిన పేరు తిరిగి ఎక్కించుకోవడం మాత్రం చాలా కష్టం.

కొత్త ఊళ్లో అతిథిగా వెళ్లాలంటే గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్, ఆ ఏడు చందా రసీదు వెంట ఉంచుకోండి. లోపలికి పంపేముందు కొన్ని ప్రశ్నలడుగుతారు; ఏళ్ల తరబడి వెళ్లనివారు అక్కడ తడబడతారు, ముందురోజు నెమరువేసుకోండి.

మాజీ సైనికులే ఎక్కువగా ఉండే లాడ్జిని మన దగ్గర పెట్టాలన్న కోరిక ఉంటే సంఖ్యతో మొదలుపెట్టండి. ఏడుగురు ఉంటే లాడ్జి పూర్ణమన్నది పాత ఆచారం. కానీ పదవులు చూస్తే మాస్టరు, ఇద్దరు వార్డెన్లు, కోశాధికారి, కార్యదర్శి, ఇద్దరు డీకన్లు, ఇన్నర్ గార్డ్, తలుపు బయట కాపలా ఉండే ‘టైలర్’ కలిపి తొమ్మిది. ప్రతి నెలా తొమ్మిది మంది తప్పక రావాలంటే జాబితాలో అంతకు రెండింతల పేర్లు ఉండాలి. వాళ్లలో కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ రిటైరై ఈ జిల్లాల్లోనే స్థిరపడినవారై ఉండాలి. సర్వీసులో ఉన్నవారికి ఆ పుస్తకాలు అప్పగిస్తే, బదిలీ అయిన రోజు లెక్కలూ మినిట్సూ ఆయన ట్రంకుపెట్టెలోనే వెళ్లిపోతాయి.