అలంకరించిన గూటికి కొత్త పెట్టలను అలవాటు చేయడం

పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల సంతల్లో కొన్న పెట్టలను పగలు గూట్లోకి తోలకుండా, చీకటి పడ్డాక అడ్డుకర్రపై నెమ్మదిగా కూర్చోబెడితే అవి అంతగా బెదరవు. గూటి గోడలపై సవర గిరిజనుల చిత్రాల తరహా బొమ్మలు వేయదలచినవారు బియ్యప్పిండికి బదులు సున్నం వాడి, అది పూర్తిగా ఆరిన తరువాతే కోళ్లను చేర్చాలి. పిండి బొమ్మను అవి మర్నాటికల్లా పొడుచుకు తినేస్తాయి. మెరిసేదాన్నల్లా పొడిచి చూడడం కోడి నైజం కనుక పూసలు, అద్దం ముక్కలు, వేలాడే దారాలు దాని ముక్కుకు అందే ఎత్తులో ఉండకూడదు. వారం పాటు తలుపు తీయకుండా మేత, నీళ్లు లోపలే పెడితే, ఆ తరువాత పెరట్లోకి వదిలినా సాయంత్రానికి గూటికే చేరుకుంటాయి. ఇంట్లో పాత కోళ్లుంటే మాత్రం, సంత కోళ్ల వెంట కొక్కెర తెగులు అనే అంటురోగం రావచ్చు కాబట్టి, కొత్తవాటిని ముందుగా కనీసం 2 వారాలు దూరంగా, వేరే గంపల కింద ఉంచాలి.