మాగ్నమ్ టి.ఎ.కి ఆ ప్రమాదం జరగకపోయుంటే? వాదన నిలబడాలంటే

అమెరికా పాత టెరిటరీల (ఒక్కో ప్రాంతంలో ఒక్కో కంపెనీ షోలు నడిపిన కాలం నాటి) రెజ్లింగ్ మీద ‘అలా జరిగుంటే’ అని వాదనకు దిగేముందు, మార్చేది ఒక్క సంగతే అని గిరి గీసుకోండి. రెండు మారిస్తే అది కట్టుకథే.

జిమ్ క్రాకెట్ రెజ్లింగ్ కంపెనీ స్టార్ మాగ్నమ్ టి.ఎ. సంగతే తీసుకోండి. 1986 అక్టోబర్ 14న షార్లెట్‌లో, వానలో, ఆయన పోర్షే స్తంభాన్ని గుద్దింది. రింగు జీవితం అక్కడితో సరి. ముందు ఆ తేదీ రాసుకుని, ఖాళీని ఎవరితో నింపారో చూడండి. అసలు ఆధారం అదే. అంతవరకు విలన్‌గా ఉన్న నికిటా కొలోఫ్‌ని మంచివాడిగా తిప్పి, నవంబర్‌లో ఆ కంపెనీ పెద్ద షో స్టార్‌కేడ్‌లో ఛాంపియన్ రిక్ ఫ్లెయిర్ మీదికి పంపారు. ఆ స్థానంలో మాగ్నమ్‌ని ఊహించడం న్యాయమే. ఆ రాత్రే బెల్టు గెలిచేవాడనడం మాత్రం అభిమానం, రుజువు కాదు.

ఎక్కువమంది బోల్తా పడేది దీని తర్వాతి మెట్టు మీద: ‘మాగ్నమ్ ఉంటే క్రాకెట్ కంపెనీ అమ్ముడుపోయేది కాదు.’ రింగులో కథ వేరు, ఆఫీసులో లెక్క వేరు. 1987లో క్రాకెట్ బిల్ వాట్స్ దగ్గర యు.డబ్ల్యు.ఎఫ్. అనే మరో రెజ్లింగ్ కంపెనీని కొన్నారు, ఖర్చులు పెరిగాయి. అదే ఏడాది స్టార్‌కేడ్ పే-పర్-వ్యూకి (విడిగా డబ్బు కట్టి కేబుల్ టీవీలో చూసే షో) పోటీగా, ప్రత్యర్థి కంపెనీ డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. యజమాని విన్స్ మెక్‌మాన్ సర్వైవర్ సిరీస్ అనే షో పెడితే, కేబుల్ కంపెనీల్లో ఎక్కువ భాగం అటే మొగ్గాయి. 1988లో క్రాకెట్ కంపెనీ టీవీ ఛానళ్ల యజమాని టెడ్ టర్నర్ చేతికి వెళ్లింది. మాగ్నమ్ టికెట్లు అమ్మగలడు సరే, కేబుల్ వాళ్ల ఒప్పందాల్ని ఎలా మారుస్తాడు? అవతలివాళ్లని ఇదే అడగండి.