షాపు ఖర్చుల లెక్క ఆడిటర్‌కి ఇచ్చే ముందు

ముందు ఇది తేల్చుకోండి: ఆదాయపు పన్నుకి ప్రిజంప్టివ్ స్కీమ్ (అసలు ఖర్చులు లెక్కించకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపే పద్ధతి) కింద టర్నోవర్‌లో కనీసం 8 శాతం, డిజిటల్ వసూళ్లకైతే 6 శాతం లాభం చూపిస్తున్నారా? అలాగైతే అద్దె, జీతాలు మళ్లీ విడిగా తగ్గించుకోలేరు.

మామూలు పద్ధతిలో వెళ్తుంటే అసలు జాగ్రత్త క్యాష్ దగ్గరే. ఒకే మనిషికి ఒకే రోజు మొత్తం 10,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే, బిల్లు పక్కాగా ఉన్నా సాధారణంగా ఆ ఖర్చును ఒప్పుకోరు, ఉదయం కొంత సాయంత్రం కొంత అని ముక్కలు చేసినా అంతే (సరుకు మోసే లారీలకు మాత్రం 35,000 వరకు). దయచేసి బ్యాంకు ద్వారానో యూపీఐలోనో పంపేయండి.

- థర్మల్ పేపర్ బిల్లుల మీద అక్షరాలు వెలిసిపోతాయి, ఆ రోజే ఫోటో తీయండి.
- ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు షాపు ఖాతాలోంచి కట్టొద్దు.
- బండి ఇంటికీ షాపుకీ ఒకటే అయితే పెట్రోల్‌లో వ్యాపారానికి వాడినంతే రాయండి.
- చట్టం తప్పినందుకు కట్టిన జరిమానాలు ఖర్చుగా రాయొద్దు.