మారుతున్న హుస్సేన్‌సాగర్ తీరంలో వీధి ఫోటోలు తీయడం ఎలా

సముద్రం లేని హైదరాబాదుకు సాయంత్రపు షికారంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డే. 1992లో చెరువు నడుమ బుద్ధ విగ్రహం నిలిచింది, 1994లో లుంబినీ పార్కు వచ్చింది, ఆ తరవాత ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్డు తోడై ఈ ఒడ్డంతా నగరవాసుల వినోదస్థలమైంది. 2023లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, కొత్త సచివాలయం, స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టిన తెలంగాణ అమరవీరుల స్మారకం ఒకదాని వెంట ఒకటి ప్రారంభమై, దక్షిణపు ఒడ్డు రూపురేఖలే మారిపోయాయి. కెమెరా పట్టుకుని వచ్చినవారిలో చాలామంది వీటివైపే తిరుగుతారు. కానీ ఇవి పదేళ్ల తరవాతా ఇక్కడే ఉంటాయి. ముందుగా తీయవలసినవి టికెట్ కిటికీలు, చేత్తో రాసిన ధరల బోర్డులు, బుడగల బండ్లు, రంగు వెలిసిన పిల్లల ఆటబొమ్మలు. ఏ సుందరీకరణ పనిలోనైనా మొదట కనుమరుగయ్యేవి ఇవే.

ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పున ఉంది కాబట్టి, సాయంత్రం కట్ట మీద నిలబడి నీళ్లవైపు చూస్తే ఎండ ఎదురుగా పడి, రెయిలింగు దగ్గరి మనుషులు నల్లని ఆకారాలుగా కనిపిస్తారు. ముఖాలు, రంగులు కావాలంటే అదే వేళకు పడమటి ఒడ్డున నెక్లెస్ రోడ్డుకు వెళ్లి, సూర్యుణ్ణి వీపున ఉంచుకోవాలి. ఆదివారం సాయంత్రాలు కట్టపై వాహనాలను ఆపినప్పుడు రోడ్డు మధ్యలో నిలబడి తీసే వీలు దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం స్మారకం స్టీలు కళ్లు చెదిరేలా మెరుస్తుంది కనుక, అది ఫ్రేములో ఉన్నప్పుడు ఎక్స్‌పోజరును ఒక స్టాప్ తగ్గించి, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగును సగం చేసి, తీయడం మేలు.

జూమ్ లెన్సుతో దూరం నుంచి తీసిన బొమ్మల్లో ఈ చోటు సందడి ఉండదని నా గట్టి అభిప్రాయం. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత సెన్సరున్న) కెమెరాకు విశాలంగా చూపే 28 ఎంఎం లెన్సు పెట్టి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకస్‌ను 3 మీటర్లకు నిలిపితే, సుమారు మీటరున్నర నుంచి 30 మీటర్లు దాటేవరకూ స్పష్టంగా వస్తుంది. ఇక ప్రతిసారీ ఫోకస్ చూసుకోనక్కరలేదు. పగలు షట్టరు వేగాన్ని సెకనులో 1/250 వంతు కంటే తగ్గనివ్వకండి. చీకటి పడ్డాక ఎల్‌ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టరు (తెర కదలకుండా సెన్సరే వరుసవరుసగా చిత్రాన్ని చదివే పద్ధతి) వాడితే ఫోటోలో అడ్డచారలు పడవచ్చు, ఎందుకంటే మన 50 హెర్ట్జ్ కరెంటుపై ఆ దీపాలు చాలావరకు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. అప్పుడు మెకానికల్ షట్టరుతో 1/100 లేదా 1/50 పెట్టుకోవాలి.

మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర కాసేపు ఆగండి. ఒక చెయ్యి విసనకర్రతో నిప్పులు విసురుతుంటుంది, మరో చెయ్యి కంకిని తిప్పుతుంటుంది. చివరకు నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది గింజల మీద రుద్దే క్షణం వస్తుంది. ఆ చేతులకు దగ్గరగా వంగి, వెనక కొత్త కట్టడం కూడా పడేలా నిలబడితే, పాతదీ కొత్తదీ ఒకే ఫ్రేములో కలుస్తాయి. తీసే ముందు ఒక కంకి కొని, “అన్నా, ఒక ఫోటో తీస్కోవచ్చా?” అని అడగాలి. చాలామంది సరేనంటారు, వద్దంటే కెమెరా దించి, ఆ కంకి తిని ముందుకు సాగాలి. పిల్లలను తీసేటప్పుడు తల్లిదండ్రులను అడగండి. ఒడ్డున కూర్చున్న జంటలను మాత్రం, ముఖం గుర్తుపట్టేలా, అసలు తీయవద్దు. ఫోటో ఎంత బాగున్నా సరే, అది ఇంటివాళ్ల కంట పడితే ఆ అమ్మాయి పడే కష్టం ముందు మన కళ ఏపాటిది? సచివాలయం గేట్ల వద్ద భద్రతా సిబ్బంది వద్దంటే వాదించకండి, ఆ పరిసరాల్లో డ్రోన్ ఎగరేసే ఆలోచన పెట్టుకోకండి.

మార్పును చూపాలంటే ఒక్క ఫోటో చాలదు. కదలని గుర్తు ఒకటి, ఉదాహరణకు ట్యాంక్‌బండ్‌పై ఒక విగ్రహపు దిమ్మెను ఎంచుకుని, దాని పక్కనే నిలబడి, అదే లెన్సుతో, అదే ఎత్తునుంచి, ఏడాదికి రెండు మూడుసార్లు తీయండి. పాత ఫోటోను ఫోన్‌లో తెరిచి, స్తంభాల అంచులు సరిపోయేదాకా అటూ ఇటూ జరగండి. ఇంటికి రాగానే ఫైలు పేరులో తేదీ, చోటు, కెమెరా చూస్తున్న దిక్కు రాసి, బండివాళ్ల నుంచి తెలుసుకున్న ధరలు, వాళ్లు అంతకుముందు బండి పెట్టుకున్న తావు కూడా వివరాల్లో చేర్చి, మొత్తం సెట్టును రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో దాచండి.