స్కేట్‌బోర్డు కాలికింద నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

గోదావరి డెల్టాలో నేలంతా చదును. కాలువ వంతెన ఎక్కి దిగే చోట తప్ప వాలు కనిపించదు. కొత్తగా స్కేట్‌బోర్డు ఎక్కేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం, ఎందుకంటే తొయ్యనిదే బోర్డు పరుగెత్తదు. ఇబ్బందల్లా నేల పైపొరతోనే: గరుకు సిమెంటు రోడ్లు, ఇసుక, ఆరబోసిన వడ్లు, తీరం దగ్గర ఉప్పుగాలి.

పడ్డ ప్రతిసారీ "నాకు బ్యాలెన్స్ లేదు" అనుకోకండి. బరువు ఏ కాలి మీద ఉందో ముందు చూసుకోండి. మొదటి నెలలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వెనక కాలి మీద వాలడం వల్ల వచ్చేవే. అది సరిగ్గా ఉంటే బోర్డును చూడాలి, ఆ తర్వాత నేలను.

ఎక్కగానే బోర్డు ముందుకు తన్నుకుపోతోంది, వెల్లకిలా పడుతున్నాను

ఒళ్లు ఇంకా నేల మీది కాలి వైపే ఉండగా రెండో కాలు ఎత్తేస్తున్నారు. బరువు వెనక ఉండిపోవడంతో బోర్డు ముందుకు జారుతుంది. భయంతో వెనక్కి వాలితే ఇంకా వేగంగా జారుతుంది.

గోనె సంచిని నాలుగు మడతలు వేసి, దాని మీద బోర్డు పెట్టండి, చక్రాలు దొర్లవు. ముందు కాలిని ముందు వైపు నాలుగు బోల్టులకు కాస్త వెనగ్గా పెట్టి, మోకాలు వంచి, బరువంతా దాని మీదికి తెచ్చాకే రెండో కాలు నేల వదలాలి. ఆ కాలు వెనక బోల్టుల మీదికి రావాలి. పైకి వంగిన తోక మీద పెడితే ముందు చక్రాలు లేస్తాయి. చూపు పాదాల మీద కాకుండా నాలుగైదు గజాల దూరంలో ఉండాలి. దిగేటప్పుడు వెనక కాలే ముందు దిగాలి. ఇలా రోజుకు 30 సార్లు ఎక్కి దిగండి. తడబాటు పోయాక సంచి తీసేసి గచ్చు మీద చెయ్యండి.

ఎడమ కాలు ముందుండాలా, కుడి కాలా అన్నది మీ ఇష్టం. నున్నటి గచ్చు మీద జారేటప్పుడు ఏ కాలు ముందుకు వస్తుందో అదే చాలామందికి కుదురుతుంది.

నిలబడగలను గానీ తొయ్యబోతే బోర్డు పక్కకు తిరుగుతోంది

ముందు పాదం అడ్డంగా ఉండగానే తోస్తున్నారు, లేదా తోసే కాలిని బోర్డుకు బాగా దూరంగా వేస్తున్నారు. ఒళ్లు ఎటు వంగితే బోర్డు అటే తిరుగుతుంది.

తోసేటంతసేపూ ముందు పాదం వేళ్లు ప్రయాణించే దిక్కునే చూడాలి. తోసే కాలు బోర్డును ఆనుకున్నంత దగ్గరగా, ముందు పాదం పక్కన పడాలి. అక్కణ్నుంచి వెనక్కి తొయ్యాలి. ఆ కాలు వెనక బోల్టుల మీదికి చేరాకే ముందు పాదాన్ని అడ్డంగా తిప్పాలి. ఈ వరస తలకిందులైతే పడటం ఖాయం. గోనె సంచి మీదే ముందు కాలి మీద ఒంటికాలితో 10 సెకన్లు కదలకుండా నిలవగలిగితే తొయ్యడానికి సిద్ధమైనట్టే. ముందు కాలితో తోసే అలవాటు కొందరికి వస్తుంది. మొదటి వారంలోనే మానుకోవాలి, తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం.

నేను వంగకపోయినా ఒక పక్కకే లాగుతోంది

అదే చోట ఎదురు దిశలో వెళ్లి చూడండి. రెండుసార్లూ రోడ్డు అంచు వైపే ఒరిగితే తప్పు రోడ్డుది. వాననీరు పోవడానికి రోడ్లకు మధ్య నుంచి అంచులకు వాలు ఇస్తారు. బాస్కెట్‌బాల్ కోర్టో, అపార్ట్‌మెంట్ సెల్లారో వెతుక్కోండి.

తర్వాత ఖాళీ బోర్డును సమతలం గచ్చు మీద మెల్లగా తోసి వదలండి. తిన్నగా పోతే తేడా మీ పాదంలో ఉంది: వేళ్లో మడమో బోర్డు దాటి బయటికి పోతోంది. ఖాళీ బోర్డు కూడా ఒరిగితే ఒక్కో చక్రాన్నీ తిప్పి చూడండి. బిగుసుకున్న చక్రం దొరికితే ఇరుసు నట్టును 1/2 అంగుళం పానాతో వదులు చేసి, చక్రం పక్కకు అతి కొద్దిగా ఆడేంత ఖాళీ ఉంచండి.

కుడికి వంగితే ఎడమకు తిరుగుతోందంటే ట్రక్కు, అంటే ఇరుసును పట్టి ఉంచే లోహపు భాగం, తిప్పి బిగించారు. రెండు ట్రక్కుల పెద్ద నట్లూ బోర్డు మధ్య వైపే ఉండాలి. అసలు తిరగనే తిరగకపోతే ఆ పెద్ద నట్టును 9/16 అంగుళం పానాతో పావు చుట్టు చొప్పున వదులు చెయ్యండి, కానీ బోల్టు మర నట్టులోపలికి మునిగిపోకూడదు. బొమ్మల దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ ట్రక్కుల బోర్డుకు ఈ సవరింపులేవీ పనిచెయ్యవు. దాని మీద నేర్చుకోవద్దనే చెబుతాం.

చిన్న రాయికే బోర్డు టక్కున ఆగి, నేను ముందుకు ఎగిరిపడుతున్నాను

చక్రాలు చిన్నవి, గట్టివి. 52 మిల్లీమీటర్ల 99ఏ చక్రాలు (ఈ 'ఏ' అంకె గట్టిదనానికి కొలత, ఎక్కువుంటే గట్టివి) నున్నటి నేలకు బాగుంటాయి గానీ, మన సిమెంటు రోడ్ల మీద ప్రతి గులకరాయికీ ఆగిపోతాయి. 58 నుంచి 60 మిల్లీమీటర్ల 78ఏ మెత్తటి చక్రాలు వేయించుకోండి. చక్రం బోర్డును రాసుకుంటే బోర్డుకూ ట్రక్కుకూ మధ్య 1/8 అంగుళం రైజర్ ప్యాడ్, అంటే ఎత్తు పెంచే బిళ్ల, పెట్టాలి.

సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. తీసేశాక కూడా గింజలు మిగులుతాయి, వాటి మీద మెత్తటి చక్రం కూడా జారుతుంది. రొయ్యల చెరువుల వైపు ట్రాక్టర్ల నుంచి రాలిన మట్టిపెళ్లలతోనూ అంతే. ఆ వారాల్లో రోడ్డు వదిలేసి గచ్చుకు మారండి. మిగతా రోజుల్లో చీపురు వెంట తీసుకెళ్లి 20 గజాలు ఊడ్చుకోండి.

వంతెన దిగుతుంటే బోర్డు గడగడా కొట్టుకుంటోంది

ఇక్కడా వెనక కాలి బరువే. వెనక ట్రక్కు నడిపిస్తే బోర్డు పాములా మెలికలు తిరుగుతుంది. మోకాళ్లు వంచి బరువు ముందు కాలి మీదికి తెస్తే సద్దుకుంటుంది. వెనక కాలి అరికాలిని నేలకు తేలిగ్గా రాస్తూ ఆపడం చదును మీద బాగా వచ్చేదాకా వాలు జోలికి పోవద్దు. వచ్చాక కూడా బళ్లు తిరగని వాలు మీదే, కింది పావు వంతు నుంచి మొదలుపెట్టండి.

పడ్డాక మణికట్టు నొప్పి తగ్గడం లేదు

పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తే మొత్తం బరువు మణికట్టు మీద పడుతుంది. మణికట్టు గార్డులు, హెల్మెట్, చదునైన అడుగున్న బూట్లు మొదటి రోజు నుంచే ఉండాలి, చెప్పులతో ఎక్కకండి. పడబోతున్నట్టు తెలియగానే మోకాళ్లు వంచి కిందికి కుంగి, చేతులు దగ్గరికి ముడిచి భుజం మీదుగా దొర్లండి. పచ్చిక మీద ఇది సాధన చెయ్యాలి.

బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో నొక్కితే నొప్పిగా ఉంటే నాటు కట్టు కట్టించుకుని ఊరుకోవద్దు. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి, 10-14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయమంటే మానకండి.

చక్రాలు కిర్రుమంటున్నాయి, రెండు తోపులకే ఆగిపోతున్నాయి

తడి, ఇసుక బేరింగుల్లోకి చేరాయి. బేరింగు తీసి, గుండుసూదితో రబ్బరు మూత లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఊపి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక్కోదానికి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అని వెయ్యకండి. చలికాలం ఉదయాల్లో అది పేరుకుపోతుంది, ఇసుకనూ పట్టుకుంటుంది. తుప్పు గుంతలు పడితే కడిగినా లాభం లేదు, బేరింగుల దుకాణంలో 608 సైజు అడిగి 8 కొనుక్కోండి. వానలో తడిసిన బోర్డును ఎండలో పెట్టకుండా గుడ్డతో తుడిచి నీడలో నిలబెట్టండి, లేకపోతే చెక్క పొరలు విడిపోతాయి.