డెబియన్‌లో /బూట్ నిండిపోతే

డెబియన్ లినక్స్‌లో సిస్టమ్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే /బూట్‌ని డిస్కులో వేరే భాగంగా, అంటే పార్టిషన్‌గా పెట్టి 500 ఎంబీ లోపే ఇచ్చినవాళ్లకి ఎప్పుడో ఒకసారి అప్‌డేట్ మధ్యలో ఆగి, డిస్కులో చోటు లేదంటుంది. 'డీఎఫ్ -హెచ్ /బూట్' కొట్టి చూడండి, 100% దగ్గర్లో కనిపిస్తుంది. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) ఫైలు చిన్నదే, చోటు తినేది దానితోపాటు తయారయ్యే ఇనిట్‌ఆర్‌డీ, అంటే బూట్ మొదట్లో కావలసిన డ్రైవర్లుండే ఫైలు.

పాత కెర్నళ్ల ఫైళ్లని ఆర్ఎమ్‌ (ఫైళ్లు చెరిపే కమాండు)తో మాత్రం చెరిపేయకండి. ప్యాకేజీ ఇంకా ఉందనే డీప్యాకేజీ (dpkg, ప్యాకేజీల లెక్క చూసే ప్రోగ్రామ్) అనుకుంటుంది, తర్వాతి అప్‌డేట్లలో మళ్లీ గొడవే.

ముందు 'యూనేమ్ -ఆర్'తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకోండి, దాని జోలికి వెళ్లొద్దు. తర్వాత రూట్‌గా (అడ్మిన్‌గా) 'ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్' కొడితే అక్కర్లేని పాత కెర్నళ్లు పోతాయి. చోటు లేక అదీ మొరాయిస్తే, 'డీప్యాకేజీ -ఎల్' జాబితాలో అన్నిటికన్నా పాత లినక్స్-ఇమేజ్ పూర్తి పేరు చూసి 'డీప్యాకేజీ --పర్జ్'తో తీసేయండి. వెర్షన్ నంబరు లేని లినక్స్-ఇమేజ్-ఏఎండీ64ని ముట్టుకోకండి. అది పోతే కొత్త కెర్నళ్లు వాటంతట అవి రావు, కెర్నల్ సెక్యూరిటీ ప్యాచ్‌లూ అంతే. చోటు దొరికాక 'డీప్యాకేజీ --కాన్ఫిగర్ -ఏ' నడిపితే ఆగిన పని పూర్తవుతుంది.

అయినా ఇరుకుగానే ఉంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో మాడ్యూల్స్=మోస్ట్‌ని డెప్‌గా మార్చి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ' కొట్టండి. ఈ మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే ఉంటాయి కాబట్టి ఇనిట్‌ఆర్‌డీ బాగా తగ్గుతుంది, కాకపోతే ఆ డిస్కుని వేరే మెషీన్‌కి తగిలిస్తే బూట్ కాకపోవచ్చు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడైతే /బూట్‌కి 1 జీబీ ఇచ్చేయడమే మేలు.