‘సైక్లోన్’ అనే మాటను సరిగ్గా చదవడం, సరిగ్గా వాడడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలకు సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట కొత్తది కాదు. అయితే ఆ మాటను వినడం వేరు, వాతావరణ శాఖ ఇంగ్లీషులో విడుదల చేసే బులెటిన్‌లో అది ఏ రూపంలో, ఏ విశేషణంతో కలిసి వచ్చిందో గమనించి అర్థం చెప్పుకోవడం వేరు. భావనపాడులోనో చింతపల్లిలోనో ఒక మత్స్యకార కుటుంబం వేటకు పోవాలా మానాలా అని ఆలోచించుకునే వేళ, ఆ బులెటిన్‌ను చదివి చెప్పే బాధ్యత చాలాసార్లు ఇంట్లో చదువుకుంటున్న పిల్లల మీదే పడుతుంది. అందువల్ల ఈ మాటను పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కాక, మూలం నుంచి నేర్చుకోవాలని నా అభిప్రాయం.

ఈ మాటను కల్పించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్‌గా పనిచేసి, తరువాత బెంగాల్‌లో స్థిరపడిన ఈ ఆంగ్లేయుడు, బంగాళాఖాతంలోని గాలివానల గురించి ఓడల వారు రాసిపెట్టుకున్న వివరాలను ఏళ్ల తరబడి సేకరించి పరిశీలించాడు. 1789 డిసెంబరులో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిని ముంచిన ఉప్పెన కూడా ఆయన పరిశీలించిన విపత్తులలో ఉంది. 1848లో నావికుల కోసం ప్రచురించిన గ్రంథంలో, గుండ్రంగా తిరిగే గాలులన్నిటికీ కలిపి సైక్లోన్ అనే పేరు పెడదామని ఆయన ప్రతిపాదించాడు. చక్రం, వలయం, పాము చుట్ట అనే అర్థాలున్న గ్రీకు పదం దానికి ఆధారం. ఆ గ్రీకు పదమూ మన సంస్కృత ‘చక్రం’ కూడా ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవే. మనం రోజూ తొక్కే సైకిల్ కూడా ఆ కుటుంబంలోనిదే.

పిడింగ్టన్ ఉద్దేశాన్ని గుర్తుపెట్టుకుంటే వాడుకలోని చిక్కులు చాలావరకు విడిపోతాయి. గాలి ఎంత బలంగా వీచిందన్నది కాక, అది తిరుగుతోందన్న సంగతిని తెలిపే మాట ఆయనకు కావలసి వచ్చింది. అంటే సైక్లోన్ అనే మాట స్వభావతః తిరుగుడును చెబుతుంది తప్ప, బలాన్ని చెప్పదు. బలం ఎంతో తెలియాలంటే దాని పక్కనున్న మాటలను చదవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది ‘సైక్లోనిక్ సర్క్యులేషన్’ అనే మాట దగ్గర. తెలుగు వార్తల్లో ఉపరితల ఆవర్తనం అని చెప్పేది ఇదే. గాలి పైపొరల్లో తిరుగుతోందని మాత్రమే దీని అర్థం. దాని వల్ల వానలు పడవచ్చు గాని, అది తుఫాను కాదు. ఇందులోని మొదటి మాటను మాత్రమే చూసి తుఫాను వస్తోందని వాట్సాప్‌లో పంపేవారు, రెండో మాటను కూడా చదివి ఉంటే ఊరంతా ఆందోళన పడే పని ఉండేది కాదు. ‘లో ప్రెషర్ ఏరియా’ అంటే అల్పపీడనం, ‘డిప్రెషన్’ అంటే వాయుగుండం, ‘డీప్ డిప్రెషన్’ అంటే తీవ్ర వాయుగుండం. వాయుగుండంలో గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండంలో 50 నుంచి 61 కిలోమీటర్లు ఉంటుంది. 62 కిలోమీటర్లు చేరిన తరువాతే ‘సైక్లోనిక్ స్టార్మ్’ అనే పేరు వస్తుంది. 89 దాటితే ‘సివియర్’, 118 దాటితే ‘వెరీ సివియర్’, 167 దాటితే ‘ఎక్స్‌ట్రీమ్లీ సివియర్’ అన్న విశేషణాలు చేరతాయి. 222కు చేరితే అది సూపర్ సైక్లోన్.

తరువాత వచ్చే మాటలూ ముఖ్యమే. ‘సైక్లోన్ అలర్ట్’ను తీరంలో వాతావరణం చెడిపోవడానికి కనీసం 48 గంటల ముందు, ‘సైక్లోన్ వార్నింగ్’ను కనీసం 24 గంటల ముందు ఇస్తారు. ఈ గంటలను తుఫాను తీరం దాటే సమయం నుంచి కాక, వాన, గాలి మొదలయ్యే సమయం నుంచి లెక్కించాలి. తీరం దాటడాన్ని ‘లాండ్‌ఫాల్’ అంటారు; అది తుఫాను కేంద్రం నేలను తాకే క్షణమే కనుక, అప్పటికే చాలా గంటలుగా ఈదురుగాలులు వీస్తూ ఉండవచ్చు. ‘140–150 గస్టింగ్ టు 165’ అని ఉంటే, నిలకడగా వీచే గాలి 140 నుంచి 150 కిలోమీటర్లనీ, మధ్యమధ్య ఒక్కసారిగా విసిరే గాలి 165 దాకా ఉంటుందనీ అర్థం. ‘స్టార్మ్ సర్జ్’ అంటే మన ఉప్పెన.

ఇక సొంతంగా వాక్యం రాయవలసి వచ్చినప్పుడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తిత్లీని ఉదాహరణగా తీసుకుందాం. ‘సైక్లోన్ తిత్లీ క్రాస్డ్ ద కోస్ట్ నియర్ పలాస’ అని రాయాలి. పేరు వెంట ఉన్నప్పుడు ముందు ‘ద’ అక్కరలేదు. పేరు లేకుండా మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ సైక్లోన్’, మళ్లీ దాని గురించే చెప్పేటప్పుడు ‘ద సైక్లోన్’ అని వాడాలి. భారీ తుఫాను అన్న మన అలవాటు చొప్పున ‘హెవీ సైక్లోన్’ అని రాయడం తగదు. ‘హెవీ’ వానకు చెల్లుతుంది, తుఫానుకు ‘సివియర్’ అనే చెప్పాలి. పుట్టుకకు ‘ఫార్మ్’, బలపడడానికి ‘ఇంటెన్సిఫై’, బలహీనపడడానికి ‘వీకెన్’ అనే క్రియలు నప్పుతాయి. పలికేటప్పుడు ‘సై’ మీద ఊనిక ఉండాలి. ‘సైక్లోనిక్’ అన్నప్పుడు మాత్రం ఆ ఊనిక రెండో అక్షరం మీదికి జరిగి, మాట ‘సైక్లానిక్’ అన్నట్టు వినిపిస్తుంది.

ఇదే రకపు గాలివానను అట్లాంటిక్‌లో హరికేన్ అనీ, వాయవ్య పసిఫిక్‌లో టైఫూన్ అనీ అంటారు. కనుక బంగాళాఖాతం గురించి రాసేటప్పుడు ఆ రెండు పేర్లు వాడకూడదు. గాలివానతో సంబంధం లేని వాడుక ఒకటి మన రైస్‌మిల్లుల్లోనే ఉంది: ఊకనూ దుమ్మునూ గాలితో గిరగిరా తిప్పి వేరుచేసే గరాటు ఆకారపు పరికరాన్ని కూడా సైక్లోన్ అనే అంటారు.